చీకటి గదిలో చూడవలసిన సినిమాలు: పాత హాలీవుడ్ నోయర్‌ను చూడటం ఎలా

తానొక మనిషిని చంపానని, డబ్బు కోసం, ఒక స్త్రీ కోసం ఆ పని చేశానని, తీరా చూస్తే ఆ డబ్బూ చేతికి రాలేదని, ఆ స్త్రీ కూడా దక్కలేదని కథానాయకుడు సినిమా మొదలైన కొద్ది నిమిషాలకే తన నోటితో తానే చెప్పేస్తాడు. 1944లో బిల్లీ వైల్డర్ దర్శకత్వంలో వచ్చిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ ఆరంభం ఇది. హంతకుడెవరో, ఎందుకు చంపాడో, చివరకు ఏమి మిగిలిందో ముందే తెలిసిపోయిన కథను ఎనభై ఏళ్లు దాటిన తరువాత కూడా మనుషులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారంటే, ఆ ఆకర్షణ కథలోని రహస్యంలో లేదన్నమాట. అది ఎక్కడ ఉందో ఎవరికి వారు చూసి తెలుసుకోవలసిందే. అందుకు ఈ సినిమాలను ఏ పరిస్థితుల్లో చూడాలి, ఏ వరుసలో చూడాలి, చూస్తున్నప్పుడు దేనిమీద దృష్టి నిలపాలి అన్నవి చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

నోయర్ గురించి, అంటే 1940, 50లలో హాలీవుడ్‌లో వచ్చిన ఈ తరహా నలుపు తెలుపు నేరకథా చిత్రాల గురించి విని, ఒకటి రెండు సినిమాలు మొదలుపెట్టి, పాతబడిపోయాయనో, మాటలు అందడం లేదనో, అంతా చీకటిగా ఉందనో మధ్యలో ఆపేసినవారు నాకు చాలామంది తెలుసు. నేను కూడా మొదటిసారి అలాగే ఆపేశాను. ఎండాకాలం మధ్యాహ్నం, కిటికీలు తెరిచి ఉన్న గదిలో, ఎన్ని చేతులు మారిందో తెలియని అరిగిపోయిన ప్రింటును చిన్న తెర మీద చూశాను. నల్లటి దృశ్యం వచ్చినప్పుడల్లా అద్దంలో కనిపించినట్టు నా వెనుక ఉన్న కిటికీయే తెర మీద కనిపించింది. కొన్నేళ్ల తరువాత అదే సినిమాను రాత్రిపూట, దీపాలన్నీ ఆర్పి, శుభ్రపరిచిన ప్రింటులో చూసినప్పుడు గానీ, మొదటిసారి నేను చూసింది ఆ సినిమాలో సగం కూడా కాదని నాకు తెలిసిరాలేదు.

పేరు సంగతి ముందుగా చెప్పుకుందాం. ‘నోయర్’ అంటే ఫ్రెంచి భాషలో నలుపు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణ కింద ఉన్న ఫ్రాన్సుకు అమెరికన్ సినిమాలు రాలేదు. యుద్ధం ముగిశాక, 1946లో, ఆగిపోయిన సినిమాలన్నీ పారిస్ థియేటర్లకు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ‘ది మాల్టీస్ ఫాల్కన్’, ‘లారా’, ‘డబుల్ ఇండెమ్నిటీ’ వంటివాటిని ఒకదాని వెంట ఒకటిగా చూసిన నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు, అమెరికన్ సినిమాలో అంతకుముందు తనకు కనిపించని ఒక నలుపును వాటిలో గుర్తించి ఈ మాట వాడాడు. తీసినవారికి మాత్రం తాము నోయర్ తీస్తున్నామని తెలియదు. వారి లెక్కలో అవి నేరకథలు, అంతే. కాబట్టి ‘ఇది నోయరా, కాదా’ అని నిబంధనల పట్టిక పెట్టుకుని కూర్చోవడం వృథా శ్రమ. 1941 నాటి ‘ది మాల్టీస్ ఫాల్కన్’ నుంచి 1958 నాటి ‘టచ్ ఆఫ్ ఈవిల్’ వరకు సాగిన కాలాన్ని సాధారణంగా దీని మొదటి దశ అంటారు. ఈ హద్దులు గుర్తుంటే చాలు.

గదిని, తెరను సిద్ధం చేసుకోవడం

నలుపు తెలుపు సినిమాలన్నిటికీ చీకటి గది మంచిదే గానీ, నోయర్‌కు అది తప్పనిసరి. ఈ సినిమాల్లో ఫ్రేములో సగానికి పైగా నల్లగా ఉండే సందర్భాలు తరచుగా వస్తాయి. ఆ నలుపులో ఒక చెయ్యో, తలుపు అంచో, టోపీ నీడో లీలగా మాత్రమే కనిపించేలా చిత్రీకరించి ఉంటారు. గదిలో ఒక్క బల్బు వెలుగుతున్నా ఆ లీలగా కనిపించేది కాస్తా మాయమవుతుంది. పొద్దుపోయాక, పరదాలు వేసి, ఫోను పక్క గదిలో పెట్టి కూర్చోవాలి. చాలా నోయర్ సినిమాలు గంటా పది నిమిషాల నుంచి గంటా నలభై నిమిషాల లోపే ముగుస్తాయి కనుక ఇది పెద్ద త్యాగమేమీ కాదు.

టీవీలో చూసేటట్లయితే సెట్టింగులలో మూడు మార్పులు చేయాలి. దుకాణాల్లో కళ్లు చెదిరేలా కనిపించడానికి పెట్టే ‘వివిడ్’ వంటి రీతిని తీసేసి ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ రీతిని ఎంచుకోవాలి. లేకపోతే నల్లని భాగాలు బూడిదరంగులోకి తేలిపోతాయి, తెల్లనివి కళ్లలో పొడుస్తాయి. కదలికలను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్‌ను పూర్తిగా ఆపేయాలి, ఎందుకంటే అది 1940ల సినిమాను నిన్న తీసిన సీరియల్‌లా మార్చేస్తుంది. ఆ కాలపు బొమ్మ దాదాపు చతురస్రంగా ఉంటుంది, తెరకు రెండువైపులా నల్లని పట్టీలు మిగులుతాయి. అవి లోపం కావు. బొమ్మను తెర నిండేలా సాగదీస్తే ముఖాలు వెడల్పవుతాయి, కెమెరామన్ కొలిచి పెట్టిన గీతలన్నీ చెదిరిపోతాయి. తరువాతి కాలంలో రంగులు అద్దిన ప్రతులు ఎక్కడైనా దొరికితే వాటి జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. నీడల కోసం తీసిన బొమ్మకు రంగు పూయడమంటే ముగ్గు మీద సున్నం కొట్టడమే.

ఇంగ్లీషు బాగా వచ్చినవారు కూడా మొదటిసారి సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం మంచిది. 1940ల అమెరికన్ యాస, అందులోనూ సగం మింగేసి మాట్లాడే తీరు, నేరస్థుల వాడుక మాటలు అంత సులువుగా చెవికి ఎక్కవు. రెండవసారి చూసేటప్పుడు వాటిని తీసేయవచ్చు.

మొదటి సినిమా, అందులో మూడు చోట్లు

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగినవారందరికీ నేను ‘డబుల్ ఇండెమ్నిటీ’ పేరే చెబుతాను. నోయర్‌కు సంబంధించిన ముఖ్యమైనవన్నీ అందులో ఉన్నాయి, పైగా కథ ఎక్కడా గజిబిజిగా ఉండదు. లాస్ ఏంజెలెస్‌లో వాల్టర్ నెఫ్ అనే బీమా ఏజెంటు, కారు పాలసీ గడువు పొడిగించడానికి ఒక ఇంటికి వెళ్లి, ఆ ఇంటి యజమాని భార్య ఫిలిస్‌ను చూస్తాడు. ఆమె భర్తకు తెలియకుండా అతని పేరిట ప్రమాద బీమా చేయించి, అతణ్ణి చంపి, రైలు ప్రమాదంగా చూపిస్తే రెట్టింపు సొమ్ము వస్తుందని ఇద్దరూ పథకం వేస్తారు. నెఫ్‌గా ఫ్రెడ్ మెక్‌మరే, ఫిలిస్‌గా బార్బరా స్టాన్‌విక్, అదే బీమా కంపెనీలో క్లెయిములలో మోసాన్ని వాసనతోనే పసిగట్టే కీస్‌గా ఎడ్వర్డ్ జి. రాబిన్‌సన్ నటించారు. ఈ సినిమాకు ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్క అవార్డు కూడా రాలేదు.

మొదట నెఫ్ ఆ ఇంటి హాలులో ఎదురుచూస్తూ నిలబడే దృశ్యాన్ని నిదానంగా చూడండి. బయట కాలిఫోర్నియా ఎండ మండిపోతోంది. లోపల కిటికీలకు అడ్డపలకల పరదాలు, అంటే వెనీషియన్ బ్లైండ్స్, వేలాడుతున్నాయి. వాటి సందుల్లోంచి ఎండ చారలు చారలుగా గోడ మీదా నేల మీదా పడుతోంది, ఆ చారల్లో దుమ్ము రేణువులు తేలుతున్నాయి. మామూలు దుమ్ము కెమెరాకు అందదు కనుక ఛాయాగ్రాహకుడు జాన్ ఎఫ్. సైట్జ్ సన్నని అల్యూమినియం పొడిని గాలిలోకి వదిలి ఆ మెరుపు సాధించాడు. నెఫ్ ఇంకా ఏ తప్పూ చేయలేదు, మెట్లు దిగి వస్తున్న ఆమె కాలి గొలుసును మాత్రమే చూశాడు. అయినా అప్పటికే అతని చుట్టూ జైలు ఊచల వంటి నీడలు పరుచుకుని ఉన్నాయి. ఈ మాట సినిమాలో ఎవరూ చెప్పరు. వెలుతురే చెబుతుంది. నోయర్ చూడటమంటే ఇలా పాత్రలకు ఇంకా తెలియని సంగతిని గోడ మీద ముందుగా చదవడం.

రెండవది హత్య దృశ్యం. నెఫ్ కారు వెనుక సీటు కింద నక్కి ఉంటాడు, భర్త ముందు సీటులో కూర్చుని ఉంటాడు, ఫిలిస్ కారు నడుపుతూ ఉంటుంది. ఆమె హారన్ మోగించగానే హత్య జరిగిపోతుంది, కానీ ఆ సమయంలో కెమెరా ఫిలిస్ ముఖం మీదే నిలిచిపోతుంది. ఒక మనిషి ప్రాణం పోవడాన్ని మనం పక్కనే కూర్చున్న భార్య ముఖంలో చూస్తాం. ఆ ముఖంలో భయం లేదు, కన్నీరు లేదు, దాదాపు తృప్తి వంటిది కనిపిస్తుంది. రక్తం చూపించి ఉంటే ఆ దృశ్యం ఈపాటికి మరుగున పడిపోయేదని నా నమ్మకం.

మూడవది దాని తరువాత వచ్చేది, నా దృష్టిలో సినిమా మొత్తానికి ఆయువుపట్టు. శవాన్ని రైలు పట్టాల మీద వేసి ఇద్దరూ కారెక్కుతారు. ఆమె తాళం తిప్పుతుంది, ఇంజను అందుకోదు. మళ్లీ తిప్పుతుంది, అందుకోదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చివరకు నెఫ్ చెయ్యి చాచి తాను ప్రయత్నిస్తే ఇంజను అందుకుంటుంది. అప్పటిదాకా బిగపట్టిన ఊపిరిని మీరు వదిలేస్తారు. ఆ క్షణంలో మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోవాలి: కారు కదలాలని నేను ఎందుకు కోరుకున్నాను? ఇద్దరు హంతకులు, పక్కనే పట్టాల మీద శవం, మన మనసు మాత్రం వారు తప్పించుకోవాలని కొట్టుకుంటోంది. మంచివాడు గెలిచే కథలు మనల్ని గట్టు మీద కూర్చోబెట్టి చూపిస్తాయి. నోయర్ మనల్ని ఆ కారులోకి ఎక్కిస్తుంది. తెలిసి తెలిసి తప్పటడుగు వేసేవాడి పక్కన, అతను వేసే ప్రతి అడుగుకూ లోలోపల సాయం పడుతూ కూర్చోవలసి రావడమే నోయర్ ఇన్నేళ్లుగా పాతబడకపోవడానికి మూలకారణమని నేను అనుకుంటున్నాను.

శిక్ష ముందే ఖాయమైన కథ

ఈ సినిమాలకు వెనుక ఒక కట్టుబాటు ఉంది, అది తెలిస్తే వాటి నిర్మాణం బాగా అర్థమవుతుంది. 1934 నుంచి హాలీవుడ్‌లో ప్రొడక్షన్ కోడ్ అనే నియమావళి, అంటే తెర మీద ఏమి చూపకూడదో చెప్పే నియమాల పట్టిక, కఠినంగా అమలైంది. నేరం చేసినవాడు సుఖపడినట్టు చూపించకూడదు, నేరస్థుడిమీద సానుభూతి కలిగించకూడదు, నేరం చేసే పద్ధతిని వివరంగా చూపించకూడదు. ‘డబుల్ ఇండెమ్నిటీ’కి ఆధారమైన జేమ్స్ ఎమ్. కెయిన్ నవలిక హాలీవుడ్‌కు అందుబాటులో ఉండి కూడా, జోసెఫ్ బ్రీన్ నడిపిన కోడ్ కార్యాలయం అభ్యంతరం వల్ల ఏళ్ల తరబడి తెరకెక్కలేదు. ఆ నవలికకు ప్రేరణ 1927లో న్యూయార్క్‌లో నిజంగా జరిగిన నేరం. రూత్ స్నైడర్ అనే ఆమె ప్రియుడితో కలిసి, రెట్టింపు పరిహారపు బీమా కోసం భర్తను చంపింది.

నేరస్థుడికి శిక్ష తప్పదని ప్రేక్షకుడికి ఎలాగూ తెలిసిన చోట, ‘దొరుకుతాడా, లేదా’ అన్న ఉత్కంఠకు విలువ లేదు. నోయర్ తీసినవారు ఈ చిక్కునే తమ బలంగా మార్చుకున్నారు. ముగింపును దాచకుండా మొదట్లోనే పెట్టి, మిగిలిన కథ మొత్తాన్ని ఉచ్చు బిగుసుకునే తీరుగా మలిచారు. అందుకే ఈ సినిమాల్లో అన్ని ఫ్లాష్‌బ్యాకులు, గతాన్ని తలుచుకుంటూ చెప్పే అన్ని గొంతులు వినిపిస్తాయి. 1950లో వైల్డరే తీసిన ‘సన్‌సెట్ బౌలెవార్డ్’లో కథ చెప్పే మనిషి అప్పటికే ఈతకొలనులో శవమై తేలుతున్నాడు. తెలుగువారికి ఇటువంటి కథలో మొదట కర్మ, విధి అన్న మాటలు తోస్తాయి. కొంతవరకు అవి సరిపోతాయి కూడా. కానీ నోయర్‌లో పూర్వజన్మ లెక్కలేవీ లేవు. మనిషి ఒక మధ్యాహ్నం, ఒక ఇంటి హాలులో, వెళ్లిపోవడానికి తలుపు తెరిచి ఉండగా వెళ్లకుండా ఆగిపోతాడు. మీరు చూసే ప్రతి నోయర్ సినిమాలోనూ ఆ ఆగిపోయిన క్షణాన్ని గుర్తుపట్టడానికి ప్రయత్నించండి.

వెలుతురును చదవడం

సినిమా చూస్తూ మూడు చోట్ల, మూడే మూడు చోట్ల, బొమ్మను ఆపి పరిశీలించే అలవాటు చేసుకోవాలి. అంతకంటే ఎక్కువసార్లు ఆపితే సినిమా నడక పోతుంది. ఆపిన బొమ్మలో చూడవలసినవి: వెలుతురు ఎటువైపు నుంచి వస్తోంది, ముఖంలో ఏ భాగం చీకటిలో ఉంది, మనిషి ఒంటిని అడ్డంగా గాని నిలువుగా గాని కోస్తున్న గీతలేమిటి. మామూలు చిత్రీకరణలో నటుడి మీద ఒక ప్రధానమైన లైటు, దానివల్ల పడే నీడలను మెత్తబరచడానికి మరొక లైటు, తలను వెనుక గోడ నుంచి విడదీయడానికి వెనుక నుంచి ఇంకొక లైటు వేస్తారు. నోయర్‌లో రెండవదాన్ని బాగా తగ్గించడమో, తీసేయడమో చేశారు. దానితో నీడలు కత్తిరించినట్టు పదునుగా మిగిలాయి. రాత్రి వీధులను తడపడం కూడా ఇటువంటి ఉపాయమే, ఎందుకంటే పొడి రోడ్డు వెలుతురును మింగేస్తుంది, తడి రోడ్డు దాన్ని తిరిగి కెమెరాకు పంపుతుంది. 1949లో కరోల్ రీడ్ వియన్నాలో తీసిన ‘ది థర్డ్ మ్యాన్’లో రాళ్లు పరిచిన తడి వీధులను చూస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది. ఆ చిత్రానికి రాబర్ట్ క్రాస్కర్‌కు ఛాయాగ్రహణంలో ఆస్కార్ వచ్చింది.

ఈ తరహా వెలుతురు ఒక్కసారిగా ఊడిపడలేదు. వైల్డర్, ఫ్రిట్జ్ లాంగ్, రాబర్ట్ సియోడ్‌మాక్ వంటివారు బెర్లిన్‌లో సినిమాలు చేసి, 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే ఆ దేశం విడిచి వచ్చినవారు. 1920ల జర్మన్ సినిమాలోని నీడలను, వాటితో పాటు కళ్ల ముందే ఒక నగరం చెడిపోవడాన్ని చూసిన జ్ఞాపకాన్ని వారు వెంట తెచ్చుకున్నారు. దానికి తోడు డబ్బు కొరత ఒకటి. యుద్ధకాలంలో ఒక్కో సినిమా సెట్లకు 5,000 డాలర్ల విలువకు మించి కొత్త సామగ్రి వాడకూడదని అమెరికా ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. సెట్టు సగమే ఉన్నప్పుడు మిగిలిన సగాన్ని చీకటిలో ముంచడం కళతో పాటు పొదుపు కూడా అయింది. జాన్ ఆల్టన్ అనే ఛాయాగ్రాహకుడు ఈ పొదుపును ఎంత దూరం తీసుకువెళ్లాడో 1955 నాటి ‘ది బిగ్ కాంబో’ చివరి దృశ్యంలో చూడవచ్చు. కేవలం పొగమంచు, ఒక దీపం, రెండు నల్లని ఆకారాలు, అంతే ఉంటాయి, అయినా అక్కడ ఇంకేదైనా ఉండవలసిందని ఎవరికీ అనిపించదు.

తరువాత ఏవి చూడాలి

రెండవ సినిమాగా 1947లో జాక్ టర్నర్ తీసిన ‘అవుట్ ఆఫ్ ది పాస్ట్’ చూడండి. పేరు మార్చుకుని చిన్న ఊరిలో పెట్రోలు బంకు నడుపుకుంటున్న మనిషిని పాత జీవితం వెతుక్కుంటూ వస్తుంది. రాబర్ట్ మిచమ్ కళ్లు సగం మూసుకుని, గొంతు పెంచకుండా, అన్నీ ముందే తెలిసినవాడిలా నటించాడు. ఇందులో ప్రత్యేకంగా చూడవలసింది చీకటి కాదు, వెలుతురు. మెక్సికోలోని ఒక చిన్న బారులో అతను కూర్చుని ఉండగా, జేన్ గ్రీర్ పోషించిన కేథీ బయటి మండుటెండలోంచి లోపలి నీడలోకి నడిచి వస్తుంది. నోయర్‌లో ప్రమాదం ఎప్పుడూ చీకటిలోంచే రానక్కరలేదని ఆ నడక చెబుతుంది. సినిమా రెండవ సగంలో, శాన్ ఫ్రాన్సిస్కో భాగంలో, ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో తికమకగా ఉంటుంది. పేర్లు, కాగితాలు గుర్తుపెట్టుకోవాలని తంటాలు పడవద్దు, మిచమ్ ముఖాన్ని అనుసరిస్తూ వెళ్లండి.

మూడవది ‘డీటూర్’, 1945లో ఎడ్గర్ జి. ఉల్మర్ తీసినది. ఇది పేదరికంలోంచి పుట్టిన సినిమా, నిడివి గంటా పది నిమిషాల లోపే. న్యూయార్క్ వీధి చూపించడానికి డబ్బు లేక పొగమంచులో ఒక స్తంభం, రెండు ఆకారాలు చూపించి సరిపెట్టారు. హోటల్లో కూర్చున్న కథానాయకుడు గతంలోకి జారుకునేటప్పుడు చుట్టూ వెలుతురు తగ్గిపోయి అతని కళ్ల మీద మాత్రమే ఒక పట్టీలా మిగులుతుంది, ఎదురుగా ఉన్న కాఫీ కప్పు కొండలా కనిపిస్తుంది. ఇక్కడ కథ చెబుతున్న గొంతును నమ్మాలా వద్దా అని అడుగడుగునా అనుమానించండి. తన తప్పేమీ లేదని, అంతా విధి చేసిందని అతను అదేపనిగా అంటుంటాడు, అంత గట్టిగా అనడం వల్లనే నాకు అనుమానం వచ్చింది. ఈ సినిమా ఎక్కడ పడితే అక్కడ ఉచితంగా దొరుకుతుంది, కానీ ఆ ప్రతులు చాలావరకు చివికిపోయినవి. 2018లో పునరుద్ధరించిన ప్రతి కోసం కాస్త వెతకండి.

‘ది బిగ్ స్లీప్’తో మాత్రం మొదలుపెట్టవద్దు. పేరున్న తారలు హంఫ్రీ బోగార్ట్, లారెన్ బకాల్ ఇద్దరూ ఉన్నారు కదా అని చాలామంది దానితోనే మొదలుపెట్టి కథ అందక విసిగిపోతారు. అందులో కారు డ్రైవరును ఎవరు చంపారని సినిమా వారు అడిగితే, నవల రాసిన రేమండ్ చాండ్లరే సమాధానం చెప్పలేకపోయాడని చెప్పుకుంటారు. నాలుగైదు చూసి, ఈ లోకపు గాలికి అలవాటు పడిన తరువాత దాన్ని కథ కోసం కాకుండా సంభాషణల కోసం చూస్తే ఎంతో బాగుంటుంది.

స్త్రీ పాత్రలను చూసే తీరు

నోయర్ అనగానే మగవాణ్ణి ముంచే మాయలాడి గుర్తొస్తుంది. ఈ సినిమాలను మొదటిసారి మగవాడి గొంతు వెంటే చూస్తాం, తప్పదు, ఎందుకంటే కథ అతనే చెబుతాడు. రెండవసారి ఆమె వైపు నుంచి చూడండి. యుద్ధకాలంలో లక్షలాది అమెరికన్ స్త్రీలు కర్మాగారాల్లో పనిచేసి సొంత సంపాదన రుచి చూశారు. యుద్ధం ముగియగానే చాలామందిని తిరిగి వంటింటికి పంపారు. తెర మీద ఆ స్త్రీని చూసి మగవాడు అంత భయపడటం వెనుక ఆ కాలపు కలవరం కొంత ఉందన్న విమర్శకుల మాటలో నాకు బలం కనిపిస్తుంది. ఫిలిస్ నేరం క్షమించరానిదే, అయినా పరదాలు వేసిన ఆ ఇంటిలో ఆమె సాయంత్రాలు ఎలా గడిచేవో ఊహిస్తూ చూస్తే స్టాన్‌విక్ నటనలో మొదటిసారి కనిపించని ఒక విసుగు, ఒక ఉక్కపోత కనిపిస్తాయి.

ఈ దృష్టిని పూర్తిగా తిరగేసే సినిమా 1950లో నికొలస్ రే తీసిన ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’. ఇక్కడ ప్రమాదం స్త్రీలో లేదు. తాను ప్రేమించిన మనిషి చేతులు ఎప్పుడు ఎవరి గొంతు మీదికి వెళతాయోనని గ్లోరియా గ్రాహమ్ పాత్ర అనుక్షణం గమనిస్తూ బతుకుతుంది. హంఫ్రీ బోగార్ట్ అంత భయపెట్టిన పాత్ర మరొకటి లేదని నేను అనుకుంటాను. దీని తరువాత 1953లో ఐడా లుపీనో దర్శకత్వం వహించిన ‘ది హిచ్-హైకర్’ చూడవచ్చు. ఆనాటి నోయర్‌లో స్త్రీ దర్శకత్వం వహించినవి దాదాపు లేవనే చెప్పాలి.

మన దగ్గరి నీడలు

హాలీవుడ్ నుంచి వచ్చిన ఈ నీడలు బొంబాయికి కూడా చేరాయి. 1951లో గురుదత్ తీసిన ‘బాజీ’లో జూదపు గృహాలు, పొగ, డబ్బుకు లొంగే కథానాయకుడు అన్నీ ఉన్నాయి. 1956లో ఆయన నిర్మించగా రాజ్ ఖోస్లా దర్శకత్వం వహించిన ‘సి.ఐ.డి.’ తెలుగువారికి మరొక కారణంగా దగ్గరైనది. అంతకు ముందు ఏడాది ‘రోజులు మారాయి’లో ‘ఏరువాకా సాగారో’ పాటకు నర్తించిన వహీదా రెహమాన్‌కు అదే మొదటి హిందీ చిత్రం. పొలం గట్ల పాటలో చూసిన ఆ ముఖాన్ని, మరుసటి ఏడాది నేరస్థుల ముఠా వైపు నిలబడిన స్త్రీగా, నీడల మధ్య చూడటం ఒక ప్రత్యేకమైన అనుభవం. అయితే మన సినిమాల్లో పాట వచ్చి ఉచ్చును కాసేపు వదులు చేస్తుంది. హాలీవుడ్ నోయర్ గంటన్నర పాటు ఆ వదులు ఇవ్వదు. రెండింటినీ ఒకే వారంలో చూస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

తిరిగి మొదటి సినిమాకు

ఈ వరుసలో ఐదారు సినిమాలు చూసిన తరువాత మళ్లీ ‘డబుల్ ఇండెమ్నిటీ’ దగ్గరకు రావాలి. ఈసారి ఫిలిస్‌ను, హత్యను పక్కన పెట్టి నెఫ్, కీస్‌ల మధ్య ఉన్న స్నేహాన్ని మాత్రమే అనుసరించండి. కీస్ దగ్గర సిగార్ ఎప్పుడూ ఉంటుంది, అగ్గిపుల్ల ఎప్పుడూ ఉండదు. జేబులు తడుముకుంటూ ఉంటాడు. ప్రతిసారీ నెఫ్ బొటనవేలి గోటితో అగ్గిపుల్ల గీసి అతని సిగార్ వెలిగిస్తాడు. సినిమాలో ఇది ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కపెట్టండి, ఆ రెండు చేతుల మధ్య దూరం ఎంత తక్కువో చూడండి. ఈ కథకు నెఫ్‌ను విషవాయువు గదిలో చంపే మరణశిక్ష దృశ్యాన్ని వైల్డర్ చిత్రీకరించి కూడా తీసేశాడు. దాని బదులు సినిమా ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. రక్తం ఓడుతూ కూలబడిన నెఫ్ నోటిలో సిగరెట్ పెట్టుకుంటాడు, గీయబోతే చేతిలో బలం లేదు. అప్పుడు కీస్ వంగి, ఆ అగ్గిపుల్ల తీసుకుని, తానే గీసి వెలిగిస్తాడు.